చిన్న చక్రానికి ఎన్ని పళ్లు?
(సొంతంగా గో-కార్ట్ కట్టుకునే తమ్ముళ్ల కోసం ఇంజను, గేర్లు, చైను లెక్క)

పోయిన నెల మన హాస్టలుకు వచ్చినప్పుడు సైకిల్ షెడ్డు మూలన గోనెసంచి కప్పిన పాత బైకు ఇంజను ఒకటి కనిపించింది. డిప్లొమా చదివే తమ్ముళ్లు గో-కార్ట్ కడుతున్నారట. "అన్నా, ఇంజను ఉంది, పైపులు ఉన్నాయి. వెనక స్ప్రాకెట్ ఎన్ని పళ్లది వెయ్యాలి?" అని అడిగారు.

అక్కడే నిలబడి ఒక అంకె చెప్పి రావచ్చు. కానీ మూడేళ్ల క్రితం మేమూ అలాగే ఒకరు చెప్పిన అంకె పట్టుకుని పని మొదలుపెట్టాం. బండి సరిగా నడవలేదు. క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. మాలో ఒకడి వేలు నలిగింది. అందుకే అంకె కాకుండా ఆ అంకెను రాబట్టే లెక్కను మన సంచికలో రాస్తే అందరికీ పనికొస్తుందనుకున్నాం.

మేము అంటే నలుగురం. ఈ హాస్టల్లోనే ఉండి ఇంజనీరింగు చదివాం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం మేమే. మూడో సంవత్సరంలో కాలేజీ టెక్నికల్ ఫెస్టు కోసం కార్ట్ కట్టాం. కిట్టు కొనే స్తోమత లేదు కాబట్టి ప్రతి భాగం గురించీ ఇది ఎందుకు, ఇంతే ఎందుకు అని ఆలోచించక తప్పలేదు.

గో-కార్ట్ అంటే ఏమిటి?

సస్పెన్షన్ లేని, నేలకు ఆనినట్లుండే నాలుగు చక్రాల చిన్న బండి గో-కార్ట్. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసు కార్ల పనివాడు పైపులతో చట్రం చేసి, గడ్డి కోసే యంత్రాలకు వాడే చిన్న ఇంజను బిగించి మొదటి కార్ట్ తయారుచేశాడు. అంటే ఈ బండి పుట్టుకే ఎక్కడో మిగిలిన ఇంజనుతో జరిగింది. పాత సామానుతో కడుతున్నామని మనం చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

గేరు బలాన్ని పుట్టించదు

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. గేరు మారిస్తే ఇంజను శక్తి పెరగదు. పొలంలో బండరాయిని గడ్డపారతో లేపడం అందరం చూసిందే. గడ్డపార పొడవు చివర పట్టుకుని జానెడు కిందికి నొక్కితే రాయి అంగుళం లేస్తుంది. బలం పెరిగింది, కదిలిన దూరం తగ్గింది. గేరు చేసే పని కూడా ఇంతే. వేగాన్ని ఇచ్చి లాగుడును తీసుకుంటుంది, లేదా లాగుడును ఇచ్చి వేగాన్ని తీసుకుంటుంది. రెండూ ఒకేసారి ఇవ్వదు.

కాబట్టి "ఏ గేరు మంచిది?" అనే ప్రశ్నకు అర్థం లేదు. మన చక్రం ఎంతది, మన గ్రౌండు ఎంతది, మనకు ఎంత వేగం చాలు అని అడగాలి.

ఏ ఇంజను?

మనకు అందుబాటులో ఉండేవి మూడు రకాలు.

మొదటిది నీటి పంపు, జనరేటర్లకు వాడే పెట్రోలు ఇంజను. దీనికి గేరుబాక్సు ఉండదు. వేగం పెరిగితే దానంతటదే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ తగిలించి నేరుగా చైను వేస్తారు. నిమిషానికి సుమారు 3600 చుట్ల దగ్గర గవర్నరు ఆపుతుంది. ఒకే గేరు కాబట్టి 1కి 6 దాకా తగ్గింపు కావాలి. అంటే ముందు 10 పళ్లు, వెనక 60 పళ్లు. 11 అంగుళాల టైరుతో గంటకు దాదాపు 32 కి.మీ. వస్తుంది. నేర్చుకునేవాళ్లకు ఇది సులువైనది.

రెండోది గేర్లు లేని స్కూటరు ఇంజను. ఇందులో ఇంజను, బెల్టు, వెనక చక్రం ఒకే ముద్దగా ఉంటాయి. దాన్నుంచి చైను బయటకు తీయాలంటే లేతు పని చాలా పడుతుంది.

మూడోది బైకు ఇంజను. క్లచ్, గేరుబాక్సు లోపలే ఉంటాయి, ముందు స్ప్రాకెట్ సిద్ధంగా బయటే ఉంటుంది. ప్రతి ఊళ్లో స్పేరు సామాను దొరుకుతుంది. మేము విజయవాడ ఆటోనగర్‌లో 4 గేర్ల 100 సీసీ పాత ఇంజను తెచ్చుకున్నాం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక బైకుల్లో చాలావరకు ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటిని బండి నుంచి విడదీస్తే కంప్యూటరు, సెన్సార్లు, వైరింగు అన్నీ వెంట రావాలి. అంతకు ముందటి కార్బురేటరు ఇంజను అయితే పెట్రోలు, కరెంటు అందితే చాలు.

ఒక ముఖ్యమైన మాట. ఇంజను కొనేటప్పుడు రసీదు, ఆ బండి ఆర్.సి. కాపీ తప్పనిసరిగా తీసుకోండి. ఇంజను నంబరు వాటితో సరిచూసుకోండి. కాగితాలు లేని ఇంజను ఇంకెవరి దగ్గర దొరికినా అడిగే ప్రశ్న ఒకటి, హాస్టలు పిల్లల దగ్గర దొరికితే అడిగే ప్రశ్న ఇంకొకటి. ఇది మనందరికీ తెలిసిందే.

ఇంజను లోపలి లెక్క – విప్పకుండానే

పాత ఇంజనుకు పుస్తకం దొరకదు. లోపల ఏ గేరుకు ఎంత తగ్గింపు ఉందో చేత్తోనే కొలవవచ్చు. స్పార్క్ ప్లగ్గు తీసేయండి, గాలి ఒత్తిడి అడ్డం రాదు. మ్యాగ్నెట్ కవరు విప్పి, మధ్య నట్టుకు పానా తగిలించి, ఇంజను తిరిగే దిక్కునే మెల్లగా తిప్పండి. ముందు స్ప్రాకెట్ మీద సుద్దతో ఒక గుర్తు పెట్టండి. మొదటి గేరు వేసి, స్ప్రాకెట్ ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఇంజను ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. తర్వాత రెండు, మూడు, నాలుగు గేర్లు.

మా ఇంజనుకు వచ్చినవి ఇవి: మొదటి గేరులో 11న్నర, రెండులో 7, మూడులో 5, నాలుగులో 3.9. ఇద్దరు కూర్చుని గంటలో చేసిన పని ఇది. నెల రోజులుగా తెగని వాదన అక్కడితో తెగింది.

నేల నుంచి పైకి రండి

మేము చేసిన మొదటి తప్పు ఇంజను దగ్గర మొదలుపెట్టడం. మొదలుపెట్టవలసింది టైరు దగ్గర. టైరు మీద సుద్దగీత పెట్టి, నేల మీద ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలవండి. మా వెనక టైరు 11 అంగుళాలది, ఒక చుట్టుకు 88 సెం.మీ. నడిచింది. అదే 100 సీసీ బైకు వెనక చక్రం ఒక చుట్టుకు సుమారు 185 సెం.మీ. నడుస్తుంది. అంటే కార్ట్ చక్రం బైకు చక్రంలో సగం కూడా లేదు. ఈ ఒక్క విషయంలోనే మొత్తం కథ ఉంది.

లెక్క ఇలా చేయాలి. వెనక పళ్లను ముందు పళ్లతో భాగిస్తే చైను నిష్పత్తి వస్తుంది. దాన్ని మనం కొలిచిన గేరు చుట్లతో గుణించాలి. ఇంజను వేగాన్ని ఆ అంకెతో భాగిస్తే చక్రం నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. దాన్ని 0.88తో గుణిస్తే నిమిషానికి మీటర్లు. 60తో గుణించి 1000తో భాగిస్తే గంటకు కిలోమీటర్లు.

పాత ఇంజను కాబట్టి 7000 చుట్లు దాటించకూడదనుకున్నాం. ముందు స్ప్రాకెట్ 14 పళ్లది. వెనక మూడు రకాల స్ప్రాకెట్లు వేస్తే ఒక్కొక్క గేరులో గరిష్ఠంగా వచ్చే వేగాలు ఇవి:

వెనక 42 పళ్లు: 11, 18, 25, 32 కి.మీ.
వెనక 28 పళ్లు: 16, 26, 37, 47 కి.మీ.
వెనక 20 పళ్లు: 22, 37, 52, 66 కి.మీ.

మా రెండు తప్పులు

ఈ పట్టిక మేము బండి కట్టకముందు వేసుకున్నది కాదు, రెండుసార్లు దెబ్బతిన్న తర్వాత వేసుకున్నది.

మొదట బైకుకు ఉన్న 42 పళ్ల స్ప్రాకెట్‌నే తగిలించాం. "కంపెనీవాడు ఊరికే పెట్టడు కదా" అన్నారు ఎవరో. నిజమే, కంపెనీవాడు పెట్టింది పెద్ద చక్రానికి. మన చిన్న చక్రమే సగానికి పైగా తగ్గింపు ఇచ్చేస్తుంది. దాని మీద మళ్లీ మూడు రెట్లు తగ్గించేసరికి ఇంజను గోల పెడుతోంది, బండి మాత్రం సైకిలుతో పోటీ పడుతోంది. మొదటి గేరు వేసిన రెండు క్షణాలకే అయిపోతోంది. పైగా 42 పళ్ల స్ప్రాకెట్, దాని మీది చైను కలిసి నేలకు 5 సెం.మీ. ఎత్తులోనే ఉన్నాయి. గ్రౌండులో చిన్న రాయి తగిలి చైను ఊడింది. చూడవచ్చినవాళ్లు నవ్వారు. "హాస్టలు బండి కదా, మెస్సు బియ్యంలో రాళ్లు దీనికీ తగిలాయి" అన్నారొకరు. ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు.

రోషంతో రెండో తప్పు చేశాం. 20 పళ్ల స్ప్రాకెట్ సంపాదించి వేశాం. లెక్క చూస్తే అది దాదాపు బైకుకు ఉండే లాగుడే, తప్పుడు అంకె కాదు. కానీ మా గ్రౌండుకు తప్పు. మలుపు మలుపుకూ 10 కి.మీ. వేగానికి దిగాలి. మా గేరు లివరు రాడ్డు సరిగా కుదరక మొదటి గేరు పడేది కాదు. దాంతో రెండో గేరులోనే క్లచ్ సగం పట్టి లాగించాం. 10 కి.మీ. దగ్గర రెండో గేరులో ఇంజను 1900 చుట్లకు పడిపోతుంది, అక్కడ దానికి ఊపిరి ఉండదు. ఆ లోటు అంతా క్లచ్ ప్లేట్ల మీద పడింది. నాలుగో రోజుకు కాలిన వాసన వచ్చింది. స్కాలర్‌షిప్పు డబ్బులు ప్లేట్ల రూపంలో పొగైపోయాయి.

28 ఎలా వచ్చింది?

అప్పుడు కూర్చుని వెనక నుంచి ఆలోచించాం. గ్రౌండులో నేరుగా ఉండే భాగం పొట్టిది. 45 కి.మీ. మించి అవసరం లేదు, మించితే బ్రేకు అందదు. మలుపులో 10, 12 కి.మీ. ఉంటుంది, అక్కడ మొదటి గేరు హాయిగా లాగాలి. ఈ రెండు కొసలూ 28 పళ్ల దగ్గర కుదిరాయి. లాగుడు కూడా చూసుకున్నాం. 100 సీసీ ఇంజను సుమారు 8 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. మొదటి గేరులో 11న్నర రెట్లు, చైనుతో 2 రెట్లు కలిపితే ఇరుసు దగ్గర 184. టైరు వ్యాసార్ధం 14 సెం.మీ. కాబట్టి నేల మీద సుమారు 134 కిలోల తోపుడు. రాపిడికి కొంత పోయినా మనిషితో కలిపి 155 కిలోల బండికి ధారాళంగా సరిపోతుంది.

అయితే 28 పళ్ల బైకు స్ప్రాకెట్ మాకు ఏ షాపులోనూ దొరకలేదు. కాలేజీ వర్క్‌షాపులో మిల్లింగ్ మిషను మీద మేమే కోసుకున్నాం. ఇండెక్సింగ్ ప్రాక్టికల్‌లో రికార్డు నింపడానికి చేసిన లెక్క అప్పుడు పనికొచ్చింది. 40ని 28తో భాగిస్తే ఒక పూర్తి చుట్టు, ఏడింట మూడు వంతులు. అంటే ఒక్కో పంటికి చేతిపిడి ఒక చుట్టు తిప్పి, 21 రంధ్రాల వలయంలో ఇంకో 9 రంధ్రాలు జరపాలి. పరీక్ష కోసం బట్టీపట్టిన సూత్రానికి పళ్లు మొలవడం అదే మొదటిసారి చూశాం. ఈ స్ప్రాకెట్ చిన్నది కాబట్టి నేలకు 8 సెం.మీ. ఎత్తు కూడా దక్కింది.

చైను, ఇరుసు, బేరింగులు

100, 125 సీసీ బైకులకు ఎక్కువగా వచ్చేది 428 చైను. మొదటి అంకె 4 అంటే లింకుకు లింకుకు మధ్య దూరం అంగుళంలో 8 భాగాల్లో 4, అంటే అర అంగుళం. 420 చైనుకూ అదే దూరం, కానీ వెడల్పు తక్కువ. 428 పళ్ల మందానికి 420 చైను ఎక్కదు. కాబట్టి రెండు స్ప్రాకెట్లూ, చైనూ ఒకే నంబరువి ఉండాలి. పంపు ఇంజనుకు 60 పళ్లు కావలసివస్తే అర అంగుళం చైను వద్దు. ఆ స్ప్రాకెట్ నేలకు 2 సెం.మీ. దాకా దిగిపోతుంది. సన్న చైను వాడాలి.

ఇంజనును బైకులో ఉన్న దిక్కునే పెట్టండి. ఇరుకుగా ఉందని వెనక్కి తిప్పి పెడితే బండి వెనక్కే పోతుంది. చైను దిక్కును మార్చదు. రెండు స్ప్రాకెట్లు ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం లాగి చూడండి. ఇంజను బోల్టు రంధ్రాలను పొడవుగా కోస్తే ముందుకీ వెనక్కీ జరిపి చైను బిగించుకోవచ్చు. వేలితో నొక్కితే 1 నుంచి 2 సెం.మీ. ఆడాలి. తీగలా బిగిస్తే బేరింగులు పోతాయి. ఇంజనును సీటు వెనక మూసినట్టు పెట్టవద్దు. అది గాలితో చల్లబడే ఇంజను, గాలి తగిలే పక్కన ఉండాలి.

ఇరుసుకు ఈఎన్-8 ఉక్కు రాడ్డు 30 మి.మీ.ది వాడాం. దానికి యూసీపీ 206 పెడస్టల్ బేరింగులు సరిపోతాయి. పిండిమరలకు, నూర్పిడి మిషన్లకు వాడే రకమే, ఏ పట్నంలోనైనా దొరుకుతాయి. ఒక బేరింగును స్ప్రాకెట్‌కు దగ్గరగా పెట్టండి. దూరమైతే చైను లాగినప్పుడల్లా ఇరుసు వంగుతుంది.

కార్ట్‌కు డిఫరెన్షియల్ ఉండదు, రెండు వెనక చక్రాలూ ఒకే ఇరుసుతో తిరుగుతాయి. చక్రాల మధ్య మీటరు దూరం ఉంటే, వెనక్కి తిరిగే మలుపులో బయటి చక్రం లోపలిదానికంటే 3.14 మీటర్లు ఎక్కువ నడవాలి. ఏదో ఒకటి జారాలి, లేదా లేవాలి. కార్ట్ ముందు చక్రాల వాలును లోపలి వెనక చక్రం కొంచెం తేలేలా అమర్చేది ఇందుకే. ఆటో డిఫరెన్షియల్ పెడదామని మేమూ అనుకున్నాం. బరువు చూసి మానుకున్నాం.

అన్నిటికంటే ముందు బిగించవలసింది

ఇప్పుడు వేలి సంగతి. బండిని స్టాండు మీద లేపి, ఇంజను ఆన్ చేసి, మొదటి గేరులో చైను వరస చూస్తున్నాం. మాలో ఒకడు కారిన నూనెను గుడ్డతో తుడవబోయాడు. గుడ్డ కొస చైనులో పడింది. గుడ్డతోపాటు కుడిచేతి ఉంగరపు వేలు వెనక స్ప్రాకెట్ దాకా వెళ్లింది. ఇంజను ఆపేలోపు కొస ఎముక విరిగింది. రాత్రి పదింటికి వార్డెన్ సార్ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. పరీక్షలు పన్నెండు రోజులున్నాయి. తెల్లవారి ఊరి నుంచి వాళ్లమ్మ వచ్చింది. కూలికి వెళ్లే మనిషి. నొప్పెలా ఉందని అడగకముందే "రాసే చెయ్యేనా నాయనా?" అంది.

ఆ ప్రశ్నకు మాలో ఎవ్వరికీ జవాబు రాలేదు. వాడు కట్టుతోనే పరీక్షలు రాశాడు, పాసయ్యాడు. కానీ చైను గార్డు మేము తెలియక మానలేదు. "చివర్లో పెడదాం" అనుకున్నాం. మొత్తం బండిలో అతి తక్కువ ఖర్చయ్యే భాగం అదే, రెండు మి.మీ. రేకు ముక్క. దాన్నే చివరికి వదిలాం.

తమ్ముళ్లూ, ఇంజను మొదటిసారి స్టార్ట్ చేసేలోపే గార్డు బిగించండి. సీటు పక్కన చేతికి అందేలా ఇంజను ఆపే స్విచ్చి పెట్టండి. చైను చూడాలంటే ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. లుంగీతో, వేలాడే కండువాతో దగ్గరకు పోవద్దు. ఇంకొకటి, రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డెక్కించడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. గ్రౌండు గేటు దాటించవద్దు.

చివరిగా

ఫెస్టులో మాకు బహుమతి రాలేదు. కానీ 28 పళ్లతో మా బండి పెట్టిన చుట్లన్నీ ఆగకుండా తిరిగింది. చైను ఊడలేదు, క్లచ్ కాలలేదు. అంతకు ముందు నవ్వినవాళ్లలో ఇద్దరు వచ్చి స్ప్రాకెట్ ఎక్కడ కొన్నారని అడిగారు. కొనలేదు, కోశాం అని చెప్పాం.

ఆ స్ప్రాకెట్‌ను నూనె రాసి, కాగితంలో చుట్టి వార్డెన్ సార్ గదిలో ఇచ్చి వచ్చాం. షెడ్డులో ఉన్న ఇంజనుకు అది సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. ముందు మీ టైరు దొర్లించి కొలవండి, మీ ఇంజను చుట్లు లెక్కపెట్టండి, మీ గ్రౌండు చూసుకోండి. లెక్క కుదిరితే అడిగి తీసుకోండి. కుదరకపోతే అక్కడే ఉంచండి, తర్వాత వచ్చే తమ్ముళ్లకు పనికొస్తుంది.

– పూర్వ విద్యార్థి, ఎం.టెక్. ద్వితీయ సంవత్సరం